నొప్పి చెప్పని చెయ్యి

ఎముకల వార్డులో రాజ్యం అరిచేవాళ్లది. ఎవరు గట్టిగా మొత్తుకుంటే ముందు వాళ్ల దగ్గరికి సూది వస్తుంది, డాక్టరు వస్తాడు, అదృష్టం బాగుంటే ఫ్యాను కింది మంచం కూడా వస్తుంది. నోరు మూసుకుని పడుకున్నవాళ్ల దగ్గరికి పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చి, "మంచిగున్నవా? ఆ, మంచిగనే ఉన్నవ్" అని ప్రశ్నా జవాబూ తామే చెప్పుకుని వెళ్లిపోతారు. ఇది ఎవరూ పెట్టిన పద్ధతి కాదు. మంచాలు ఎక్కువై మనుషులు తక్కువైన చోట దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎముకల వైద్యంలో పీజీ రెండో ఏడు చదువుతున్న మహితకు ఇది అన్యాయమని తెలుసు. తెలిసీ రోజూ అదే చేస్తుంది.

ఆ రోజు ఆడవాళ్ల వార్డును ఏలుతున్నది స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన లక్ష్మి. బస్సు దిగుతూ జారిపడి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకుని, ఆపరేషన్ వంతు కోసం ఎదురుచూస్తోంది. విరిగిన మాట నిజమే గానీ, ఆ విరుపుకూ ఆమె కేకలకూ పొంతన లేదు. "ఓ అవ్వో, నా కాలు పాయె, నా పానం పాయె" అని ఆమె అందుకుందంటే మందుల గది దాకా వినిపిస్తుంది.

మొగిలమ్మను మధ్యాహ్నం కాకముందే తీసుకొచ్చారు. కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. ఆటోలోంచి నూలు బేళ్లు దింపుతుంటే ఒకటి జారి, గడప దగ్గర కూర్చున్న ఆమె కుడిచేతి మీద పడింది. గడపరాయికీ బేలుకూ మధ్య ముంజేయి ఇరుక్కుపోయింది. పక్క ఇళ్లలోంచి మగవాళ్లు వచ్చి బేలును లేపేదాకా ఆమె అలాగే ఉండిపోయింది. ఇదంతా కోడలు సుకన్య ఆయాసపడుతూ చెప్పింది. మొగిలమ్మ మాత్రం ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, పక్కింటి సంగతి వింటున్నట్టు విన్నది.

"ఎట్లుంది పెద్దమ్మా? బాగ నొస్తాందా?" అని మహిత అడిగింది.

"జర దెబ్బ తాకింది బిడ్డా. గంతే."

ముంజేయి వాచింది, తోలు కమిలింది గానీ ఎక్కడా చిట్లలేదు. ఎక్స్‌రేలో రెండు ఎముకలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మహిత తెర మీద బొమ్మను పెద్దది చేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, సంతోషపడింది. వాపు తగ్గేదాకా చెయ్యి కదలకుండా ఉండటానికి కింద సగం పిండికట్టు వేసి, పైన సాగే బట్టను ఎక్కడా ముడత పడకుండా చుట్టింది. కట్టు కట్టడంలో తనకు మంచి చెయ్యి ఉందని ఆమెకు కొంచెం గర్వం. సూది ఒకటి రాసింది. చెయ్యి కింద రెండు దిండ్లు పెట్టించి ఎత్తుగా ఉంచింది. పిండికట్టు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అప్పుడు చాలామంది మూలుగుతారు. మొగిలమ్మ కళ్లు మూసుకుంది, అంతే.

పక్క మంచం మీంచి లక్ష్మి మళ్లీ అందుకుంది.

"చూడు లక్ష్మీ, గీ పెద్దమ్మను చూసి నేర్చుకో" అంది మహిత. "బేలు మీద పడ్డా ఉలుకు లేదు పలుకు లేదు. ఓర్పంటే గట్లుండాలె."

వార్డంతా మొగిలమ్మ వైపు తిరిగి చూసింది. నర్సు పద్మలత కూడా ట్రే పట్టుకుని ఆగి, "పాతకాలపు మనుషులు మేడం, వాళ్ల పానమే వేరు" అంది. మొగిలమ్మ పెదవులు కదిపి నవ్వినట్టు చేసింది. మహిత సంతోషంగా అన్నానికి వెళ్లింది.

*

తిరిగి వచ్చింది మొగిలమ్మ కోసం కాదు. లక్ష్మి సూది అడుగుతోందని పద్మలత కబురు పెడితే వచ్చింది. వార్డులో మధ్యాహ్నపు మగత ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మంచాల మధ్య నేల మీద తువ్వాళ్లు పరుచుకుని కునుకుతున్నారు. లక్ష్మికి సూది చెప్పి వెనక్కి తిరుగుతుండగా మహిత కన్ను మొగిలమ్మ మంచం దగ్గరున్న టిఫిన్ డబ్బా మీద పడింది. మూత తీయలేదు.

"తినలేదా పెద్దమ్మా?"

"ఆకలి లేదు బిడ్డా."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా మొగిలమ్మ నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచి ఉంది. కొంగు కొస ఆమె నోటి పక్కన పడి ఉంది. తడిసి ముద్దయి, నమిలి నమిలి పోగులు విడిపోయిన కొస. మహిత దాన్ని చూసి ఆగిపోయింది.

"నొప్పి ఉందా?"

"లేదు బిడ్డా."

"కొంచెం గూడ లేదా?"

"జర. దెబ్బ అన్నంక జర ఉంటది గద."

కట్టు బయట కనిపిస్తున్న వేళ్లు కొంచెం లోపలికి ముడుచుకుని ఉన్నాయి. గోళ్లు ఎర్రగానే ఉన్నాయి. మహిత మంచం అంచున కూర్చుని నాడి చూసింది. బాగానే కొట్టుకుంటోంది. లేచి వెళ్లిపోవచ్చు. నిజానికి సగం లేచింది కూడా. ఏం తోచిందో మళ్లీ కూర్చుని, మొగిలమ్మ మధ్యవేలు కొసను పట్టుకుని మెల్లగా చాపింది.

మొగిలమ్మ నోట్లోంచి చప్పుడు రాలేదు. ఇనుప మంచం మాత్రం గణగణమంది. ఆమె ఎడమచెయ్యి మంచం చువ్వను పట్టుకుని ఊపేసింది, పాదాలు రెండూ పక్క మీంచి పైకి లేచాయి. మొహం మాత్రం అలాగే ఉంది. కళ్లలోంచి నీళ్లు చెవుల దాకా జారాయి.

మహిత పద్మలతను కేక వేసి కత్తెర తెప్పించి, తాను మురిసిపోతూ చుట్టిన కట్టును తోలు కనబడేదాకా కోసిపారేసింది. పిండికట్టు తీసి పక్కన పెట్టింది. దిండ్లు తీయించి చేతిని గుండె ఎత్తులో ఉంచింది. మరీ ఎత్తులో ఉంటే రక్తం పైకి ఎక్కడానికి ఇంకా కష్టపడుతుంది. ముంజేయిని వేలితో నొక్కి చూసింది. వాచిన చెయ్యి మెత్తగా ఉంటుంది, వేలు పెడితే గుంట పడుతుంది. ఇది చెక్కలా ఉంది.

ముంజేతిలో కండలు ఊరికే తోలు కింద పడి ఉండవు. గట్టి పొరల సంచుల్లో బిగించి ఉంటాయి. ఆ పొర సాగదు. దెబ్బకు కండ లోపల వాచిపోతే ఆ వాపుకు చోటు దొరకదు. కండ తన సంచిలో తానే నలిగిపోతుంది. చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పెద్ద నాళం మాత్రం తట్టుకుంటుంది కాబట్టి మణికట్టు దగ్గర నాడి చక్కగా కొట్టుకుంటూ, చూసేవాళ్లను మోసం చేస్తుంది. ఎముక విరిగినప్పుడే ఇది అరుదు. విరగకుండా రావడం ఇంకా అరుదు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారని మహిత పరీక్షల్లో పేజీలు పేజీలు రాసింది గానీ, కళ్లతో ఎప్పుడూ చూడలేదు. ఆరేడు గంటలు దాటితే కండ చచ్చిపోతుంది, చచ్చిన కండను ఏ మందూ లేపదు. బేలు పడింది పొద్దున. ఇప్పుడు మధ్యాహ్నం వాలుతోంది.

పుస్తకంలో అన్నిటికంటే ముందు రాసి ఉండే గుర్తు ఒకటే, దెబ్బను మించిన నొప్పి. ఈ మనిషేమో నొప్పి లేదంటోంది.

కట్టు విప్పాక కొంచెంసేపు ఆగి చూసింది. కట్టు బిగుతే కారణమైతే తగ్గాలి. మళ్లీ వేలు చాపింది. మళ్లీ మంచం ఊగింది.

అసిస్టెంట్ ప్రొఫెసర్ చంద్రమౌళి ఆపరేషన్ థియేటర్లో తొడ ఎముక కేసులో ఉన్నాడు. అక్కడి నర్సు ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుంది. వెనకాల సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

"ఎముక విరిగిందా?"

"లేదు సార్."

"నాడి ఉందా?"

"ఉంది సార్."

"పేషెంట్ నొప్పి అంటున్నదా?"

"లేదంటున్నది సార్. కానీ..."

"విరగలేదు, నాడి ఉన్నది, నొప్పి లేదు. మరి నువ్వెందుకు ఫోన్ చేసినవ్ మహితా?" ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "గంట తర్వాత మళ్ల చూడు."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా ఎక్కడో వేరే చోట ఉంది. ఆ చోటు ఎక్కడో మహితకు తెలియడం లేదు.

వార్డు బయట కిటికీ దగ్గర సుకన్య నిలబడి ఉంది. మామకు ఫోన్ చేసి, కళ్లు తుడుచుకుంటోంది. మహిత ఆమె దగ్గరికి వెళ్లి సూటిగా అడిగింది.

"మీ అత్తమ్మకు మస్తు నొప్పి ఉంది. నాకు ఎందుకు చెప్తలేదు?"

సుకన్య తల దించుకుంది.

"చెప్పు సుకన్యా. చెయ్యి పోతది."

ఆ మాటకు సుకన్య అదిరిపడింది. "గదే మేడం, చెప్తెనే పోతదని అత్తమ్మ భయం. మా గల్లీల మొండయ్య మామ ఉండె. పోయినేడు కాలు మీద మొద్దు పడ్డది. వేరే దవాఖానల వేసిన్రు. నొస్తాంది, వశపడ్తలేదు అని దినమంత మొత్తుకున్నడు. తెల్లారి మోకాలు దాక తీసేసిన్రు. గప్పటిసంది మా గల్లీల అందరిదీ ఒక్కటే మాట, దవాఖానల నొప్పి అనద్దు, అంటే కోసేస్తరు అని. వచ్చేటప్పుడు ఆటోల నాక్కూడ ఒట్టు పెట్టిచ్చుకున్నది, నువ్వు సుత నోరు తెరవద్దని."

ఇన్ని పుస్తకాలు రాసినవాళ్లలో ఒక్కరికీ కాశిబుగ్గ గల్లీలో ఇలాంటి లెక్క ఒకటి పుడుతుందని తెలిసి ఉండదు. అందులో తర్కం కూడా ఉంది. మొండయ్య అరిచాడు, మొండయ్య కాలు పోయింది. చూసినవాళ్లు చూసినట్టే చెప్పుకున్నారు.

"మా అత్తమ్మకు చెయ్యే పానం మేడం" అంది సుకన్య. "అచ్చు అతకడంల మా దిక్కు ఆమెను మించినోళ్లు లేరు. మగ్గం మీద పడుగు అయిపోయిందంటె కొత్త పోగులు తెచ్చి పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే కలపాలె గద. బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి గిట్ల మెలేస్తది. చూడను గూడ చూడది. అటు ముచ్చట పెడ్తనే ఉంటది, ఇటు పోగులు అతుకుతనే ఉంటయి. గా వేళ్లు లేకపోతే ఆమె ఇంట్ల కూసోని ఏం జేస్తది?"

సుకన్య గాల్లో వేళ్లు మెలిపెట్టి చూపించింది. మహిత అప్పటికే వార్డులోకి నడుస్తోంది.

మొగిలమ్మ మంచం పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, మొహంలో మొహం పెట్టి చెప్పింది. "పెద్దమ్మా, మొండయ్య సంగతి నాకు తెలిసింది. జర నా మాట ఇను. ఆయన మొత్తుకున్నందుకు కాలు తియ్యలే. మొత్తుకుంటుంటే ఎవలూ ఇనలే. ఇనేటాళ్లకు కండ చచ్చిపోయింది, గప్పుడు తీసిన్రు. నువ్వు ఇప్పుడు చెప్తె నేను ఇంటున్న. నువ్వు చెప్పకపోతే నాకు చెప్పేటోళ్లు ఇంకెవలూ లేరు."

మొగిలమ్మ ఆమెను చాలాసేపు చూసింది. హసన్‌పర్తి రైతు బిడ్డ ఆ డాక్టరమ్మ. మాటలో ఎక్కడో తమ యాస తగిలింది. అందుకేనేమో, లేక భరించే శక్తి అయిపోయిందో, నోరు విప్పింది.

"తీసెయ్యరు గద?"

ఇలాంటి మాట ఇవ్వకూడదని మొదటి ఏడే నేర్పుతారు. "తియ్యం" అంది మహిత.

"వశపడ్తలేదు బిడ్డా" అంది మొగిలమ్మ గుసగుసగా, పక్క మంచం వాళ్లకు కూడా వినబడకుండా. "లోపల ఎవలో పొయ్యి అంటువెట్టిన్రు. వేళ్లేమో మొద్దువారినయి, నాయి గానట్టున్నయి. సచ్చిపోతనేమో అనిపిస్తాంది."

*

మహిత ఈసారి ఫోన్ చేయలేదు. థియేటర్ దాకా పోయి, చెప్పులు మార్చుకుని, టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లింది. చంద్రమౌళి అప్పుడే తొడకు ఆఖరి కుట్టు వేసి చేతి తొడుగులు తీస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. మొండయ్య మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ టోపీతోనే వార్డుకు నడిచాడు.

ముంజేయి నొక్కి చూశాడు. తర్వాత వేలు పట్టుకుని, చాపబోతూ ఆగి, "అమ్మా, నొప్పైతె గట్టిగ మొత్తుకో, ఏం కాదు" అన్నాడు. మొగిలమ్మ మొత్తుకోలేదు. అలవాటు అంత తొందరగా పోదు. చంద్రమౌళి ఆమె పాదాల వైపు చూశాడు. అవి మళ్లీ పైకి లేచాయి.

"తొడ పేషెంట్‌ను బయటికి తీస్కపొమ్మను. తర్వాతి కేసు ఆపుమను. టేబుల్ ఖాళీ చేయించు" అన్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "మహితా, నేను ఫోన్‌లో గట్ల అనాల్సింది కాదు" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఒప్పుకోలు కాగితం మీద మొగిలమ్మ ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. సుకన్యను వద్దని తానే వేసింది.

మత్తు ఎక్కాక చంద్రమౌళి మోచేతి మలుపు నుంచి అరచేతి మధ్య దాకా వంపులు తిరిగిన గీత గీశాడు. ఆ గీత మీదుగా తోలు విచ్చుకుంది. కింద కండ మీది పొర కనబడింది. మామూలుగా అది పల్చగా, మెత్తగా ఉంటుంది. ఇక్కడ తెల్లగా బిగుసుకుని మెరుస్తోంది. "చూడు" అన్నాడు చంద్రమౌళి. కత్తెర కొస పొర కిందికి పెట్టి చిన్న గాటు పెట్టాడు. ఆ గాటును ముందుకు నడిపాడు.

కండ పైకి లేచింది. ఎవరూ తాకలేదు, ఎవరూ లాగలేదు. కత్తెర వెళ్లినంత మేరా, తోవ దొరికిన కండ దానంతటదే పొంగి అంచులు దాటి బయటికి వచ్చింది. మత్తు డాక్టరు కూడా కుర్చీలోంచి లేచి వచ్చి తొంగి చూశాడు. పొద్దున్నుంచి ఆ పొర లోపల ఇంత ఒత్తిడి పెట్టుకుని, పైకి మాత్రం "జర దెబ్బ, గంతే" అంటూ ఆ మనిషి పడుకుని ఉంది.

అయితే కండ రంగు బాగాలేదు. నేరేడుపండు రంగులో నల్లబడి ఉంది. చంద్రమౌళి అరచేతి దాకా పొరలన్నీ విప్పాడు, మణికట్టు దగ్గర నరాన్ని నొక్కుతున్న పట్టీని కూడా కోశాడు. తర్వాత గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన బట్ట కండ మీద కప్పి, పనిముట్లు కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ మన చేతుల ఏం లేదు" అన్నాడు.

అందరూ నిలబడ్డారు. సర్జన్లు ఊరికే నిలబడటం మహిత ఎప్పుడూ చూడలేదు. బట్ట తీసినప్పుడు ఆమె ముందు నమ్మలేదు. లైటు వెలుగేమో అనుకుంది. అంచుల వెంట నలుపు పల్చబడి ఎరుపు దిగుతోంది. చూస్తుండగానే ఆ ఎరుపు ఒక పోగు నుంచి పక్క పోగుకు పాకింది. చంద్రమౌళి పట్టకారుతో కండను చిటికెడు నొక్కాడు. అది ఉలిక్కిపడినట్టు ముడుచుకుంది.

"బతికే ఉంది" అన్నాడు ఆయన మెల్లగా. ఎన్ని వందల ఎముకలు అతికించిన మనిషో గానీ, ఆ మాట అన్నప్పుడు గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

ఎముకల వైద్యమంటే సుత్తులు, రంపాలు, మేకులు అనే మహిత ఇన్నాళ్లూ అనుకుంది. వడ్రంగం చదువుతున్నావని హాస్టల్లో స్నేహితురాళ్లు ఏడిపిస్తే తానూ నవ్వింది. ఇక్కడ మేకు లేదు, సుత్తి లేదు. దారి ఇచ్చి నిలబడితే ప్రాణం తిరిగి వచ్చి చోటు చూసుకుని కూర్చుంటోంది. మాస్కు లోపల ఆమె కళ్లనీళ్లు ముక్కు పక్కన తడిగా తగిలాయి, తుడుచుకోవడానికి వీల్లేదు.

లోపల ఎముకకు దగ్గరగా ఒక చోట మాత్రం కండ కదల్లేదు. చంద్రమౌళి అక్కడ రెండుసార్లు నొక్కి చూసి వదిలేశాడు. "రెండు దినాలాగి మళ్ల చూద్దాం. చెయ్యి ఉంటది. వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేం." గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచి తడిగుడ్డలు కప్పారు.

*

రెండోసారి చూసినప్పుడు కదలని చోట వేలెడు కండ మాత్రమే పోయింది, అంతే తీశారు. గాయం అంచులకు అటూ ఇటూ రబ్బరు దారం దాటించి, రోజూ కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చారు. మొగిలమ్మ ఆ దారాన్ని పట్టి పట్టి చూసి, "మాకన్న మీరే నయం బిడ్డా, మనిషినే నేస్తాన్రు" అంది. వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

చెయ్యి మిగిలింది. వేళ్లు కొంచెం కొంచెం ముడుస్తోంది, చాపుతోంది. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, వీటికి స్పర్శ లేదు. రోజూ కట్టు మార్చేటప్పుడు మహిత ఆమెను కళ్లు మూసుకోమని, దూదిపోగుతో వేళ్ల కొసలు తాకేది.

"ఇప్పుడు తాకిన్నా పెద్దమ్మా?"

"తాకినవా?" అని మొగిలమ్మ తిరిగి అడిగేది.

చిటికెన వేలు దగ్గర మాత్రం "ఆ, గీడ తెలుస్తాంది" అనేది. అచ్చు అతకడానికి చిటికెన వేలుతో పని లేదు.

ఈసారి ఆమె నిజంగానే నొప్పి లేక మౌనంగా ఉంది. పుండు మీది గుడ్డ లాగుతున్నా కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. ఆ మౌనం మహితకు మొదటిరోజు మౌనం కంటే భయంగా ఉంది. అప్పుడు లోపల ఏదో ఉండి బయటికి రాలేదు. ఇప్పుడు లోపల ఏమైనా ఉందో లేదో తెలియదు.

"నరం నలిగిందా, చచ్చిందా?" అని చంద్రమౌళిని అడిగితే, "అది నరాన్నే అడుగు" అన్నాడు. "ఎదురుచూడు. వస్తే వస్తది."

ఒక సాయంత్రం సుకన్య చాయ్ తెచ్చి అత్త ఎడమచేతికి ఇచ్చింది. మొగిలమ్మ చాయ్ తాగకుండా గ్లాసును కుడిచేతి వేళ్లకు ఆనించి చూసుకుంది. కాలే గ్లాసు. మహిత చూసి పరుగున వచ్చి గ్లాసు తీసేసింది.

"కాలుతది పెద్దమ్మా! బొబ్బలు వస్తయి."

"వస్తె రానీ బిడ్డా. కాలినట్టు తెలుస్తదేమో అని చూస్తాన్న." కుడిచేతిని ఒళ్లోకి లాక్కుంది. "చెయ్యి ఉంచినవ్. నువ్వన్న మాట నువ్వు నిలవెట్టుకున్నవ్. గని వేళ్లు నాయి గావు. నేను ముందుగాలనే నోరు తెరిస్తె గింత గాకపోవు. నాదే తప్పు."

"నీదెట్ల తప్పైతది? నీ ఓర్పు చూసి మురిసిపోయి, అందరికీ నిన్నే చూపించి, అన్నం తినపోయింది నేను."

వార్డు అవతలి కొసన లక్ష్మి ఆపరేషన్ అయిన కాలు చూసుకుంటూ మూలుగుతోంది. మొగిలమ్మ ఆ మూలుగు వింటూ ఉండిపోయింది. ఆ నొప్పికి ఈర్ష్య పడినట్టే ఉంది.

తర్వాత రోజులు ఒకదానిలాగే ఒకటి గడిచాయి. తొడ మీది తోలు పల్చగా తీసి ముంజేతి మీద మిగిలిన గాయానికి అతికించారు, అది పట్టింది. చంద్రమౌళి చూసి బాగుందన్నాడు. ఇంకో వారంలో ఇంటికి పంపుదామన్నాడు. ఇంటికి అన్నమాట వినగానే సుకన్య మొహం వెలిగింది, మొగిలమ్మ మొహం ఇంకా చిన్నబోయింది. ఇంట్లో మగ్గం ఉంది.

ఆ శుక్రవారం పొద్దున రౌండు ఆలస్యమైంది. అత్యవసర విభాగంలో పని తెగక మహిత హడావుడిగా వచ్చింది. కట్టు మార్చే ట్రే దగ్గరికి లాక్కుని, మొగిలమ్మ అరచేతి మీది గుడ్డ విప్పింది. బొటనవేలి మొదట్లో గుడ్డ ఎండిన రసికి అంటుకుపోయింది. మామూలుగా అయితే సెలైన్ పోసి నానబెట్టి తీసేది. ఆ తొందరలో, ఎలాగూ ఈమెకు తెలియదు కదా అన్న ధీమాలో, ఒక్క గుంజు గుంజింది.

"ఓ నీ చేతులిరగ!"

వార్డు దద్దరిల్లింది. మొగిలమ్మ మంచం మీద సగం లేచి, ఎడమచేత్తో మహిత భుజాన్ని తోసేసింది. "గంత గట్టిగ గుంజుతవా? పానం ఉన్న మనిషి అనుకున్నవా, గోడ మీద కాయితం అనుకున్నవా? సదువుకున్నోళ్లకు గీ మాత్రం తెల్వదా? ఓ అవ్వో, సచ్చిపోతినిరో!"

పద్మలత ట్రే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. లక్ష్మి మూలుగు మానేసి నోరు తెరుచుకుని చూస్తోంది. సుకన్య సిగ్గుతో చితికిపోయి, "అత్తమ్మా! మేడంను పట్టుకోని గవేం మాటలు? మెల్లగ, అందరు చూస్తాన్రు" అంటూ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

మహిత సుకన్య చేతిని పట్టుకుని ఆపింది. గుడ్డ ముక్క ఇంకా ఆమె పట్టకారు కొసన వేలాడుతోంది.

"ఏడ నొచ్చింది పెద్దమ్మా?"

"ఏడ అంటవేంది? గీ బొటనవేలు కాడ..." మొగిలమ్మ మాట సగంలో తెగింది. తన బొటనవేలిని చూసుకుంది. మహితను చూసింది. మళ్లీ వేలిని చూసుకుంది.

మహిత పట్టకారు కింద పెట్టి, తన చూపుడువేలితో మొగిలమ్మ చూపుడువేలి కొసను తాకింది.

"అయ్యో, గాడ సుత! చీమలు కుట్టినట్టు... సూదులు గుచ్చినట్టు... అమ్మో అమ్మో, వద్దు బిడ్డా, వద్దు! ముట్టకు!"

"నొస్తాందా?"

"నొస్తాంది! మస్తు నొస్తాంది!" మొగిలమ్మకు కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. "సుకన్యా, నొస్తాందే! వేళ్లు నొస్తానయే! మీ మామకు ఫోన్ చెయ్యవే!"

సుకన్య ఫోన్ కోసం కొంగులో వెతుక్కుంటూ ఏడుస్తోంది. ఏం చూస్తున్నారో పూర్తిగా తెలియకపోయినా వార్డులో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, కుంటుకుంటూ, కర్రలు ఆనించుకుంటూ ఆ మంచం చుట్టూ చేరారు. మహిత అందరి మధ్య నేల మీద కూర్చుండిపోయింది. ఇంత అందమైన అరుపు ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"మొత్తుకో పెద్దమ్మా" అంది. "ఇంకా గట్టిగ మొత్తుకో. నేను ఇంటున్న."

మొగిలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల పైకెత్తి, కాశిబుగ్గ దాకా వినబడేలా మొత్తుకుంది.